అప్పజెప్పడం కూడా పనే

ఒమాన్‌లో ఉద్యోగం వదిలేటప్పుడు అన్నీ లెక్కపెట్టి మరీ వెనక్కి తీసుకుంటారు. తాళాలు, ల్యాప్‌టాప్, ఐడీ కార్డు, లైబ్రరీ పుస్తకాలు, క్వార్టర్ కరెంటు బిల్లు. క్లియరెన్స్ ఫారం పట్టుకుని గది గదికీ తిరిగి సంతకాలు పెట్టించుకోవాలి. నిజ్వాలో పాఠాలు చెప్పిన మాస్టారికైనా, సలాలా ఆస్పత్రిలో పనిచేసిన నర్సుకైనా ఈ తిరుగుడు తప్పదు. ఇన్నేళ్లలో మీరు తయారుచేసిన పాఠాలు, సేకరించిన కొలతలు, రాసిన వ్యాసాలు, తీసిన ఫొటోలు ఎక్కడున్నాయని మాత్రం ఎవరూ అడగరు. ఆఫీసు ఈమెయిల్లో ఉన్నవి ఈమెయిల్‌తో పాటే పోతాయి. ఆఫీసు సర్వర్‌లో ఉన్నవాటికి మీ తరవాత దిక్కుండదు.

2021 జనవరి 1 నుంచి ఇక్కడ ఉద్యోగం మారడానికి పాత యజమాని ఇచ్చే నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) అక్కర్లేకుండా పోయింది. ఇక్కడున్న మన తెలుగువాళ్లకు పెద్ద ఊరట. అయితే ఉద్యోగాలు ఎంత సులువుగా మారితే వెనక వదిలేసే ఫైళ్లు అంత పెరుగుతాయి. హార్డ్ డిస్కులో దాచుకున్నాం కదా అంటారేమో. 2007 జూన్‌లో గోను తుపాను మస్కట్ మీద పడినప్పుడు, 2021 అక్టోబరులో షాహీన్ తుపాను సువైక్, ఖాబూరా వైపు తీరం దాటినప్పుడు నీళ్లు ఇళ్లలోకి వచ్చేశాయి. కింది అంతస్తు బీరువాలో పెట్టిన డిస్కును దాచుకున్నట్టు లెక్కవేయకండి.

చేసిన పనిని ఇంకొకరు తీసుకోగలిగేలా అప్పజెప్పడం ఉద్యోగంలో భాగమే. దాన్ని సంగీతమో ఈతో నేర్చుకున్నట్టు పద్ధతిగా నేర్చుకోవచ్చు కూడా. ఇది నేర్పడానికి నాకు దొరికిన మంచి గురువు మనిషి కాదు, రెండు కంప్యూటర్లు మాట్లాడుకోవడానికి రాసిపెట్టిన ఒక ఒప్పందం. దాని పేరు స్వోర్డ్. పూర్తి పేరు సింపుల్ వెబ్-సర్వీస్ ఆఫరింగ్ రిపాజిటరీ డిపాజిట్. పేరు చూసి బెదిరిపోకండి. అందులో ఉన్నదంతా మర్యాదగా ఇచ్చిపుచ్చుకునే పద్ధతే.

దీని పుట్టుక ఇలా జరిగింది. 2000లో సౌతాంప్టన్ యూనివర్సిటీ వాళ్ల ఈప్రింట్స్, 2002లో ఎంఐటీ, హ్యూలెట్ ప్యాకార్డ్ కలిసి తెచ్చిన డీస్పేస్ అనే సాఫ్ట్‌వేర్లు వచ్చాక, చాలా యూనివర్సిటీలు డిజిటల్ రిపాజిటరీలు, అంటే తమవాళ్ల పని దాచే భాండాగారాలు, పెట్టుకోవడం మొదలుపెట్టాయి. తలుపులైతే తెరిచారు గాని లోపలికి వచ్చి పెట్టేవాళ్లే తక్కువ. కారణం బద్ధకం ఒక్కటే కాదు. ఒకే వ్యాసాన్ని యూనివర్సిటీ రిపాజిటరీలో ఒకసారి, సబ్జెక్టు ఆర్కైవ్‌లో ఇంకోసారి, నిధులిచ్చిన సంస్థ దగ్గర మరోసారి ఎక్కించాలి. ఎక్కడికక్కడ వేరే లాగిన్, వేరే ఫారం. రచయితల పేర్లు, సారాంశం, పత్రిక పేరు అన్నిచోట్లా మళ్లీ మళ్లీ కొట్టాలి. ఎంత ఓపికమంతుడైనా రెండో ఫారం దగ్గరే చేతులెత్తేస్తాడు.

2007లో బ్రిటన్‌లోని జిస్క్ అనే సంస్థ దీనికి విరుగుడు వెతకమని కొంత డబ్బిచ్చింది. జూలీ ఆలిన్సన్, సెబాస్టియన్ ఫ్రాంస్వా, స్టువర్ట్ లూయిస్ తదితరులు కూర్చుని ఆలోచించారు. వాళ్లు చేసిన తెలివైన పని, కొత్తది కనిపెట్టాలన్న యావను పక్కన పెట్టడం. బ్లాగుల్లోకి పోస్టులు పంపడానికి ఆటమ్ పబ్లిషింగ్ ప్రోటోకాల్ అనేది అప్పటికే దాదాపు తయారై ఉంది. దాన్నే తీసుకుని, రిపాజిటరీలకు కావలసిన నాలుగు మాటలు చేర్చారు. డీస్పేస్, ఈప్రింట్స్, ఫెడోరా అనే రిపాజిటరీ సాఫ్ట్‌వేర్లు దాన్ని అందిపుచ్చుకున్నాయి. ఆ తరవాత ఆర్కైవ్ (arXiv) అనే వ్యాసాల భాండాగారానికి వ్యాసాలు పంపడానికీ, బయోమెడ్ సెంట్రల్ అనే ప్రచురణ సంస్థ నుంచి ఎంఐటీ రిపాజిటరీకి వ్యాసాలు నేరుగా చేరడానికీ ఇదే దారి అయింది. మొదటి వెర్షన్ పంపించి ఊరుకునేది. 2011 నాటి రెండో వెర్షన్‌లో, పంపినదాన్ని దిద్దడానికీ తీసేయడానికీ కూడా వీలు కల్పించారు. మూడో వెర్షన్ ఆటమ్‌ను వదిలి జేసన్‌కు మారింది. సాంకేతిక వివరాలు మీ ఐటీ మిత్రుడికి వదిలేయండి. మనకు పనికొచ్చేది ఈ ఒప్పందం నడిచే తీరు.

ముందు అడగండి, ఆ తరవాత పంపండి

స్వోర్డ్‌లో పంపేవాడు నేరుగా ఫైలు విసరడు. మొదట సర్వీస్ డాక్యుమెంట్ అనే చిన్న పత్రం అడుగుతాడు. మా దగ్గర ఫలానా ఫలానా కలెక్షన్లున్నాయి, ఈ కలెక్షన్లో ఇలాంటి ఫైళ్లే తీసుకుంటాం, ఈ తరహా ప్యాకింగే మాకు అర్థమవుతుంది, మా షరతులివి అని ఆ పత్రంలో ఉంటుంది. అది చదివాకే అసలు సరుకు కదులుతుంది. చదవకుండా వాళ్లు తీసుకోని రకం పంపితే, ఈ రకం ఫైలు మేం తీసుకోం అని రిపాజిటరీ 415 నంబరుతో తిప్పికొడుతుంది. తిట్టదు, వాదించదు.

మనం చేసేది సరిగ్గా దీనికి తలకిందులు. ఆరు నెలలు కష్టపడి ఒక రిపోర్టు తయారుచేసి, అది ఎవరికి చేరాలో, వాళ్లకు ఏ రూపంలో కావాలో చివరి రోజున కనుక్కుంటాం. వ్యాసం రాయకముందే, డేటా సేకరించకముందే మీ కాలేజీ లైబ్రేరియన్ దగ్గరికి వెళ్లండి. మన దగ్గర రిపాజిటరీ ఉందా? అది దేనిమీద నడుస్తోంది? స్వోర్డ్ తెరిచి ఉంచారా? డేటా తీసుకుంటారా, వ్యాసాలేనా? ఉద్యోగం మానేసినవాళ్ల పని తీసేస్తారా, ఉంచుతారా? ఈ చివరి ప్రశ్నకు జవాబు రాతపూర్వకంగా దొరికితే ఇంకా మంచిది. లైబ్రేరియన్లను మనం పుస్తకాలిచ్చేవాళ్లుగానే చూస్తాం గాని, ఒమాన్ కాలేజీల్లో ఇలాంటి విషయాలు తెలిసిన మనిషి ఉంటే ముందుగా ఆ సీట్లోనే ఉంటారు.

ఇక్కడ ఇంకో గందరగోళం తీర్చేయాలి. ఒమాన్ పరిశోధకులకు రెండు జాతీయ సేవలున్నాయి. మసాదర్ అనేది వర్చువల్ సైన్స్ లైబ్రరీ. పత్రికలు, డేటాబేసులు చదువుకోవడానికి అది. షుఆ జాతీయ పరిశోధనా రిపాజిటరీ. థీసిస్‌లు, వ్యాసాలు చేరాల్సింది అక్కడ. మసాదర్‌ను రోజూ తెరిచే మనవాళ్లలో షుఆ ముఖం చూడనివాళ్లే ఎక్కువ. తీసుకునే గుమ్మం అందరికీ తెలుసు, ఇచ్చే గుమ్మమే తెలియదు. సుల్తాన్ కబూస్ యూనివర్సిటీలో ఉన్నా, 2020లో టెక్నాలజీ కాలేజీలూ అప్లైడ్ సైన్సెస్ కాలేజీలూ కలిసి ఏర్పడిన యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీ అండ్ అప్లైడ్ సైన్సెస్ శాఖల్లో ఉన్నా, మీ సంస్థ తరఫున షుఆ పని చూసేవారెవరో కనుక్కోండి.

పెట్టె మీద చీటీ

మస్కట్‌లోని రూవిలో కార్గో ఆఫీసుకు వెళ్లినవాళ్లకు ఈ చీటీ సంగతి వివరంగా చెప్పనక్కర్లేదు. పెట్టెలో టాంగ్ డబ్బాలున్నాయా, దుప్పట్లున్నాయా అన్నది పెట్టె చూసి ఎవరూ చెప్పలేరు. లోపల ఏముందో, ఎన్ని ఉన్నాయో, ఎవరికి చేరాలో రాసిన జాబితా ఉంటేనే అది కదులుతుంది. స్వోర్డ్ ప్యాకేజీ కూడా అంతే. ఎక్కువగా అదొక జిప్ ఫైలు. దాన్ని విప్పితే అసలు ఫైళ్లతో పాటు మెట్స్ పద్ధతిలో రాసిన జాబితా ఒకటి ఉంటుంది. శీర్షిక, కర్తలు, తేదీ, సారాంశం, భాష, హక్కులు, ఏ ఫైలు దేనికి సంబంధించింది, ఇవన్నీ అందులోనే. ఈ వివరాలనే మెటాడేటా అంటారు.

మెటాడేటా అశ్రద్ధ చేస్తే ఏమవుతుందో తెలుగువాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదనుకుంటాను. చిత్తూరు జిల్లాలో పుట్టి ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి చొరవతో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా మొదలైంది. వేలాది తెలుగు పుస్తకాలు స్కానయ్యాయి. అది ఎంత గొప్ప సేవో, దాని కేటలాగు అంత చిక్కు. పేర్లు రోమన్ లిపిలో, ఒక్కో పుస్తకానికి ఒక్కో స్పెల్లింగులో ఎక్కాయి. కొన్నిటికి కర్త పేరు లేదు, కొన్నిటికి ఉన్నా తప్పు. తెలుగు లిపిలో వెతికితే ఏమీ వచ్చేది కాదు. పుస్తకం అక్కడే ఉండేది, చదవాలనుకున్నవాడు ఇక్కడే ఉండేవాడు, మధ్యలో పేరు రాసిన ఆ ఒక్క గడి అడ్డం. చేతులారా చేసిన స్కానింగ్ శ్రమలో సగం ఆ గడిలోనే ఇంకిపోయింది. తరవాత ఎందరో ఔత్సాహికులు కూర్చుని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ వికీసోర్స్‌లోనూ ఆ పేర్లను ఒక్కొక్కటిగా సరిచేస్తూ వస్తున్నారు.

ఎదురు ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. ఉస్మానియాలోనో, ఆంధ్రా యూనివర్సిటీలోనో, జేఎన్‌టీయూలోనో ఈ పదిహేనేళ్లలో పీహెచ్‌డీ చేసి ఒమాన్ వచ్చినవాళ్లకు శోధ్‌గంగ గుర్తుండే ఉంటుంది. ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఆ రిపాజిటరీ కోసం థీసిస్‌ను ముక్కలు చేసి, 01 టైటిల్, 02 సర్టిఫికెట్ అంటూ వరస నంబర్లతో పీడీఎఫ్‌లకు పేర్లు పెట్టించేవారు. అప్పుడు అదంతా చాదస్తంలా అనిపించి ఉండొచ్చు. ఇవాళ శోధ్‌గంగలో ఏ థీసిస్ తెరిచినా మూడో అధ్యాయానికి నేరుగా వెళ్లగలుగుతున్నామంటే ఆ చాదస్తం పుణ్యమే.

కాబట్టి ఫైలు సిద్ధమైన రోజునే, పక్కన ఒక పేజీ వివరం రాయండి. ఏమిటిది, ఎక్కడ ఎప్పుడు చేశారు, ఎవరెవరు చేశారు, ఏ సాఫ్ట్‌వేర్‌తో తెరవాలి, కాలమ్ పేర్లకు అర్థమేమిటి, కొలతలు ఏ యూనిట్లలో ఉన్నాయి. ఫలజ్ అనే ఒమాన్ సాగునీటి కాలువలో ప్రవాహం కొలిచిన పట్టికలో "ఎఫ్2" అని కాలమ్ ఉంటే, అది రెండో ఫలజో రెండో పరీక్షో మీకు ఇవాళ తెలుసు. వచ్చే ఏడాదికి మీరే మర్చిపోతారు. ఫైలు పేరులో "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "అసలు ఫైనల్" అని పెట్టే అలవాటు ఇవాళే మానండి. తేదీ పెట్టండి చాలు. పట్టికలను ఎక్సెల్‌తో పాటు సీఎస్‌వీగా కూడా దాచండి.

రచయిత పేరు సంగతి ఇంకో తలనొప్పి. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది, పాస్‌పోర్టులో చివరికి పోతుంది, ఇక్కడి రెసిడెంట్ కార్డులో ఇంకో వరసలో ఉంటుంది. ఒకే మనిషి మూడు రిపాజిటరీల్లో ముగ్గురవుతాడు. 2012లో మొదలైన ఆర్కిడ్ అనే 16 అంకెల గుర్తింపు దీనికి మందు. ఉచితంగా ఇస్తారు. నమోదు చేసుకునేటప్పుడు ఆఫీసు ఈమెయిల్‌తో పాటు సొంత ఈమెయిల్ కూడా ఇవ్వడం మర్చిపోకండి. కాలేజీ మెయిల్ మూతపడితే ఆర్కిడ్ తలుపు కూడా మీకు మూసుకుపోతుంది.

రసీదు చేతికొచ్చేదాకా

"సార్, రిపాజిటరీలో పెట్టేశాను."

"రసీదొచ్చిందా?"

"అప్‌లోడ్ సక్సెస్ అని వచ్చింది సార్."

"అది సరుకు గుమ్మం దగ్గరికి చేరిందని చెప్పడమయ్యా. లోపలికి తీసుకున్నారా లేదా చూశావా?"

ఇబ్రీలోనో సోహార్‌లోనో ఏ స్టాఫ్ రూములోనైనా వినిపించే మాటలివి. స్వోర్డ్‌లో ఈ తేడా చాలా స్పష్టం. 201 అని జవాబొస్తే మీ పని లోపలికి చేరి స్థిరపడింది. 202 వస్తే అందింది గాని ఇంకా ఒకరు చూసి ఆమోదించాలి. రెండింటికీ మధ్య నెలలు గడిచిపోవచ్చు. రెండో వెర్షన్‌లోనైతే డిపాజిట్ రసీదు అనే పత్రమే ఇస్తారు. మీ పని ఏ చిరునామాలో ఉంది, దిద్దాలంటే ఎక్కడికి రావాలి, ఇప్పుడు ఏ దశలో ఉంది అని తెలుసుకునే లింకులు అందులో ఉంటాయి. మీరు స్వోర్డ్ వాడినా, వెబ్ ఫారంలో చేత్తో నింపినా, ఆ శాశ్వత లింకునో, డీఓఐ అనే శాశ్వత గుర్తింపునో రాసిపెట్టుకునేదాకా డిపాజిట్ అయిందని ఎవరితోనూ అనకండి.

ఇంకో చిన్న జాగ్రత్త అందులో నాకు చాలా నచ్చుతుంది. పంపేవాడు ఫైలుకు ఎండీ5 వంటి చెక్‌సమ్ లెక్కగట్టి, ఆ సంఖ్యను ఫైలుతో పాటు పంపుతాడు. అందుకున్న సర్వర్ తనూ లెక్కగడుతుంది. రెండూ కలవకపోతే, దారిలో ఏదో పాడైందని 412 తో వెనక్కి పంపేస్తుంది. నమ్మకం లేక కాదు, నమ్మకం చెడకుండా. మీరు కూడా ఎక్కించిన ఫైలును మళ్లీ దించుకుని తెరిచి చూడండి. చివరి పేజీదాకా వెళ్లండి. సగం ఎక్కిన పీడీఎఫ్‌లో కూడా మొదటి పేజీ ఒక్కోసారి బాగానే కనబడుతుంది.

ఇంకా పూర్తికాలేదని చెప్పుకునే సౌకర్యం కూడా స్వోర్డ్ ఇచ్చింది. ఇన్-ప్రోగ్రెస్ అని ఒక గుర్తు పెడితే, రిపాజిటరీ ఫైలును భద్రంగా అందుకుంటుంది గాని పరిశీలనకు పంపదు. మిగతావి వచ్చాక ఆ గుర్తు తీసేస్తే పని కదులుతుంది. మొదటి తరం స్వోర్డ్‌లో నో-ఆప్ అని ఇంకోటి ఉండేది. నిజంగా దాచకుండా, దాస్తే ఏమవుతుందో మాత్రం చెప్పేది. మనలో చాలామంది అంతా తయారయ్యాకే చూపిద్దామని కూర్చుని, అదెప్పటికీ తయారుకాక, చివరికి ఖాళీ చేతులతో మస్కట్ ఎయిర్‌పోర్టు చేరతారు. అరకొరగా ఉన్నదాన్ని అరకొరే అని రాసి దాచుకోవడంలో నామోషీ ఏమీ లేదు. ఇక్కడ శుక్ర, శని సెలవులు కనక, గురువారం మధ్యాహ్నం ఇంటికి బయల్దేరే ముందు ఆ వారం పనిని దాని చోటికి చేర్చే అలవాటు చేసుకుంటే సరిపోతుంది. ఏడాది చివర్లో ఒకేసారి కూర్చోవడం కన్నా ఇది వెయ్యి రెట్లు నయం.

సంస్థకు రిపాజిటరీ లేకపోతే? జెనోడో ఉంది. సెర్న్ అనే పరిశోధనా సంస్థ 2013 నుంచి ఆ రిపాజిటరీని నడుపుతోంది. ఏ దేశంవాళ్లయినా, ఏ సబ్జెక్టువాళ్లయినా ఉచితంగా పెట్టుకోవచ్చు. ఒక్కో రికార్డుకు మామూలుగా 50 జీబీ దాకా చోటిస్తారు, డీఓఐ కూడా ఇస్తారు. అది స్వోర్డ్ బదులు తన సొంత ఏపీఐ వాడుతుంది గాని, అడిగి పంపడం, వివరం రాయడం, రసీదు తీసుకోవడం అక్కడా ఇవే.

ఏది పెట్టకూడదు

దాచే ఉత్సాహంలో కొందరు గీత దాటేస్తారు. కంపెనీ డ్రాయింగులు, బావుల డేటా, టెండరు కాగితాలు మీరు తయారుచేసినా మీవి కావు. కాంట్రాక్టు చదివి, యజమాని నుంచి రాతపూర్వక అనుమతి ఉంటేనే ముట్టుకోండి. ఒమాన్ కాపీరైటు చట్టం 2008 నాటి 65వ రాజశాసనం. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 6/2022 రాజశాసనంగా వచ్చి 2023 ఫిబ్రవరిలో అమల్లోకొచ్చింది. ఆరోగ్య సమాచారానికి అందులో ప్రత్యేకమైన కట్టుబాట్లున్నాయి. రోగుల వివరాలున్న పట్టికలో పేర్లు తీసేస్తే చాలదు. చిన్న ఊళ్లో వయసు, జాతీయత, చేరిన తేదీ కలిపి చూస్తే మనిషి దొరికిపోతాడు. ఆస్పత్రి ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా అలాంటిదేదీ బయట పెట్టకండి.

పత్రికలో అచ్చయిన వ్యాసమైతే, ప్రచురణకర్త ముద్రించిన పీడీఎఫ్‌ను యథాతథంగా పెట్టడానికి చాలాచోట్ల ఒప్పుకోరు. ఆమోదం పొందిన మీ వర్డ్ ప్రతిని పెట్టడానికి తరచుగా ఒప్పుకుంటారు, కొన్ని నెలలు ఆగమంటారు. షెర్పా రోమియో పేరుతో చిరకాలం నడిచిన జిస్క్ సేవలో పత్రిక పేరు కొడితే ఆ షరతులు కనిపిస్తాయి. వ్యాసం ఒప్పుకున్న రోజునే ఆ వర్డ్ ప్రతిని విడిగా దాచుకోండి. ఆరు నెలల తరవాత వెతికితే దొరకదు.

మీ తరఫున ఇంకొకరు

స్వోర్డ్‌లో ఆన్-బిహాఫ్-ఆఫ్ అనే ఏర్పాటుంది. లైబ్రరీ ఉద్యోగి తన లాగిన్‌తోనే ప్రవేశించి, ఇది ఫలానా ప్రొఫెసర్ తరఫున పెడుతున్నాను అని చెప్పొచ్చు. పని ప్రొఫెసర్ పేరునే నమోదవుతుంది, పెట్టిందెవరో కూడా రికార్డవుతుంది. అన్ని రిపాజిటరీలూ దీనికి ఒప్పుకోవు. ఒప్పుకుంటారో లేదో మొదట అడిగిన సర్వీస్ డాక్యుమెంట్లోనే రాసి ఉంటుంది.

మనవాళ్లు ఈ సాయం అడగడానికి మొహమాటపడతారు, అడిగినా పాస్‌వర్డు వాట్సాప్‌లో పంపేస్తారు. రెండోది ప్రమాదం. పాస్‌వర్డు ఇస్తే మీ పేరుతో ఏం జరిగినా మీరే జవాబుదారీ. దాని బదులు, నా ఫలానా ఫైళ్లను నా తరఫున డిపాజిట్ చేయడానికి అనుమతిస్తున్నాను అని ఒక మెయిల్ రాసివ్వండి. ఉమ్మడి పరిశోధనలో ఉన్న ఒమానీ సహోద్యోగికైతే ఇంకా మేలు. ఆయన ఇక్కడే ఉంటారు. మీరు విజయవాడో హైదరాబాదో వెళ్లాక ఏదైనా దిద్దాల్సి వస్తే ఆయన చేయగలరు.

సంఘాలు నడిపేవాళ్లకు

ఇదంతా పీహెచ్‌డీ వాళ్లకే అనుకోకండి. మస్కట్‌లో తెలుగు సంఘాలు ఉగాదికీ, సంక్రాంతికీ, బతుకమ్మకూ వేసిన సావనీర్లు, పిల్లల నాటకాల వీడియోలు, పాత కార్యవర్గాల ఫొటోలు ఎవరి ఇళ్లలోనో, ఎవరి ఫోన్లలోనో ఉంటాయి. కార్యదర్శి మారితే సగం, దేశం వదిలితే మిగతా సగం పోతాయి. అప్పుడు ఒమాన్‌లో తెలుగువాళ్లు ఎలా బతికారని మన పిల్లలు అడిగితే చూపడానికి ఫేస్‌బుక్ పోస్టులే మిగులుతాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో సంఘం పేరుతో ఒక ఖాతా తెరిచి, సంఘం ఈమెయిల్‌తోనే నమోదు చేసి, ఏటా ఒకసారి అన్నీ ఎక్కించండి. ఫొటోలోని పిల్లల తల్లిదండ్రుల అనుమతి ముందే తీసుకోండి.

సావనీర్ల విషయంలో ఒక చిక్కుంది. పాతవి చాలావరకు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చినవి. ఆ పీడీఎఫ్ తెరమీద ముత్యాల్లాంటి తెలుగు చూపిస్తుంది గాని, కాపీ చేసి చూస్తే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలొస్తాయి. గూగుల్‌కు కనిపించేది కూడా అదే. కాబట్టి పీడీఎఫ్‌తో పాటు విషయసూచికనైనా యూనికోడ్‌లో విడిగా టైపు చేసి పెట్టండి. వ్యాసాల పేర్లు, రాసినవాళ్ల పేర్లు, సంవత్సరం తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ రాయండి. కాగితం ప్రతి ఒక్కటే మిగిలి ఉంటే 300 డీపీఐలో స్కాన్ చేయండి, అట్టలు రంగుల్లోనే తీయండి, ప్రకటనల పేజీలు మాత్రం వదిలేయకండి. ఆ ఏడాది రూవిలో ఏ తెలుగు హోటలుందో, ఎవరి ట్రావెల్స్ నడిచిందో తెలిసేది వాటిలోనే.